ఐలండ్‌లో ‘ఎస్’ ఎవరు పెట్టారు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాతికేళ్లుగా పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు లేచి ఐలండ్ (island) మాటని ‘ఇస్లాండ్’ అని చదువుతారు, క్లాసంతా గొల్లుమంటుంది. చదివినవాడి తప్పేం లేదు, కనిపించిన అక్షరం చదివాడు పాపం.

అపోహ: ఆ ఎస్‌ని పాతరోజుల్లో పలికేవారు, పోనుపోను మానేశారు.

వాస్తవం: ఎప్పుడూ పలకలేదు, ఎందుకంటే అది అందులో లేనే లేదు. పాత ఇంగ్లిష్‌లో ఈ మాట ఇంచుమించు ‘ఈయ్‌లాండ్’. ‘ఈయ్’ అంటేనే దీవి, అది నీటికి సంబంధించిన మాట, లాటిన్ ‘ఆక్వా’కి దూరపు చుట్టం. ఇక ఫ్రెంచ్ నుంచి వచ్చిన ‘ఐల్’ (isle) అన్నా దీవే, కానీ అది వేరే మాట. దాని మూలం లాటిన్ ‘ఇన్సులా’, అందులో ఎస్ ఉంది కాబట్టి పండితులు ఐల్ స్పెల్లింగులోకి ఎస్ తెచ్చారు, అక్కడికి న్యాయమే. 16వ శతాబ్దం వచ్చేసరికి ఐలండ్ కూడా ఆ ఇంటిదే అనుకుని దానికీ తగిలించేశారు. ఇంటిపేరు ఒకటే కదా అని ముక్కూమొహం తెలియనివాళ్లతో చుట్టరికం కలిపేసినట్టు!

అపోహ: ‘ఇన్సులిన్’, ‘ఐలండ్’ అక్కాచెల్లెళ్లు.

ఇది నేనే చాలా ఏళ్లు క్లాసులో చెప్పాను, ఒప్పుకుంటున్నా. పాంక్రియాస్‌లో, అంటే క్లోమ గ్రంథిలో, దీవుల్లా కనిపించే కణాల గుంపుల్ని 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించాడు. అక్కడ తయారయ్యే హార్మోన్‌కి ‘ఇన్సులా’ నుంచే పేరు పెట్టారు. అంటే ఇన్సులిన్ ఐల్‌కి బంధువు, ఐలండ్‌కి ఏమీ కాదు.

అపోహ: ద్వీపకల్పంలో ‘కల్పం’ అంటే యుగం.

కాదు. సంస్కృతంలో మాట చివర చేరే ఈ ‘కల్ప’కి ‘దాదాపు అలాంటిదే’ అని అర్థం. లాటిన్‌లో ‘పేనే’ అంటే దాదాపు, దానికి ఇన్సులా కలిస్తే పెనిన్సులా. రెండు భాషలూ ఒకే లెక్క వేశాయి. ద్వీపం కూడా నీటి మాటే, ద్వి, అప్ కలిస్తే వచ్చింది, రెండు పక్కలా నీళ్లని. మన దీవి దాని వికృతి.

అపోహ: ఐలండ్ అంటే సముద్రంలోనే ఉండాలి.

లండన్ దగ్గర థేమ్స్ నది మధ్యలో ఉండే చిన్న దీవుల్ని ‘ఐట్’ అంటారు, అదీ ఆ పాత ‘ఈయ్’ నుంచి పుట్టిందే. గోదావరిలో మనం లంక అనేది అదే. ఇది తెలిసి కూడా ఒకసారి బోర్డు మీద సముద్రం గీసి, మధ్యలో ఒక కొబ్బరిచెట్టు పెట్టి, ఐలండ్ అంటే ఇదిరా అన్నాను. వరదొస్తే పడవ మీద బడికొచ్చే లంకలూరి కుర్రాడొకడు వెనక బెంచీలోంచి, “మాస్టారూ, మా ఊరూ ఇంతేనండి, సముద్రం ఒక్కటే లేదండి” అన్నాడు.