సెడ్రిక్ అనే పంది నుంచి బోనస్‌ల నిషేధం దాకా

1995 మే నెల. లండన్‌లో బ్రిటిష్ గ్యాస్ (ప్రభుత్వం ప్రైవేటుకు అమ్మేసిన గ్యాసు కంపెనీ) వాటాదారుల వార్షిక సమావేశం. హాలు బయట కార్మిక సంఘం వాళ్లు ఒక పందిని తీసుకొచ్చి, ముందు తొట్టి పెట్టి మేపుతున్నారు. పంది పేరు సెడ్రిక్. కంపెనీ చీఫ్ ఎగ్జిక్యూటివ్ పేరు సెడ్రిక్ బ్రౌన్. సొమ్ము మేసే పెద్దల్ని తొట్టిలో మూతి పెట్టిన పందులనడం అక్కడి వాడుక, కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

అంతకు కొన్ని నెలల ముందు బ్రౌన్ జీతం ఏడాదికి 2,70,000 పౌండ్ల నుంచి 4,75,000కి పెరిగింది. అంటే దాదాపు 76 శాతం. అదే సమయంలో షోరూముల్లో పనిచేసేవాళ్లను మాత్రం తక్కువ జీతానికి ఒప్పుకోమంటున్నారు. సమావేశానికి వేలమంది చిన్న వాటాదారులు వచ్చి గోల గోల చేశారు. కానీ పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీల ఓట్లు ముందే యాజమాన్యం చేతిలో ఉన్నాయి. పెద్దల జీతాలకు కళ్లెం వేయమన్న తీర్మానం వీగిపోయింది. పేరుకు వాటాదారులే యజమానులు, తీరా ఆ రోజు హాల్లో కూర్చున్న యజమానుల మాట చెల్లలేదు.

ఈ గొడవ వేర్లు చాలా లోతున ఉన్నాయి. 19వ శతాబ్దంలో బ్రిటన్ ఊళ్లకు గ్యాసు, నీళ్లు ఎక్కువగా ప్రైవేటు కంపెనీలే ఇచ్చేవి. బర్మింగ్‌హామ్ మేయర్ జోసెఫ్ చాంబర్లెయిన్ 1875లో గ్యాసు కంపెనీలను, 1876లో నీళ్ల కంపెనీని నగరపాలక సంస్థ చేత కొనిపించాడు. ఆయనేమీ సోషలిస్టు కాదు, స్క్రూల వ్యాపారంలో బాగా గడించిన మనిషి. గ్యాసు మీద వచ్చే లాభం ఊరికి ఖర్చు పెట్టొచ్చు, నీళ్ల మీద మాత్రం లాభం చూడకూడదు, అది జనం ఆరోగ్యానికి సంబంధించింది అన్నది ఆయన లెక్క. ఈ తేడాను తర్వాత వచ్చిన చాలామంది మర్చిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లేబర్ ప్రభుత్వం 1948లో కరెంటును, 1949లో గ్యాసును జాతీయం చేసింది. పెద్ద కుర్చీల జీతాలు మంత్రులే ఖరారు చేసేవాళ్లు. అప్పుడేమీ తగాదాలు లేవనుకుంటే పొరపాటు. 1961లో రైల్వేను గాడిలో పెట్టడానికి రిచర్డ్ బీచింగ్ అనే ఆయన్ని ఒక రసాయనాల కంపెనీ నుంచి తెచ్చినప్పుడు, అక్కడ వచ్చే జీతమే ఇస్తామన్నారు: 24,000 పౌండ్లు. అప్పటి ప్రధానమంత్రి జీతం 10,000. దేశమంతా రచ్చ అయింది. మంచి మేనేజర్ కావాలంటే బయటి రేటు ఇవ్వాల్సిందే అన్న వాదన ప్రైవేటీకరణతో పుట్టింది కాదు, ప్రభుత్వ ఆస్తి మీదే ముందు వినిపించింది.

నీళ్ల సంగతి వేరే. 1974లో ఇంగ్లాండ్, వేల్స్‌లలో 10 ప్రాంతీయ సంస్థలు ఏర్పడ్డాయి. అవి చేసే అప్పు ప్రభుత్వ అప్పు కిందే లెక్క. కాబట్టి ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా మొదటి కోత పైపుల మీద, మురుగు శుద్ధి మీద పడేది. భూమిలో ఉన్న పైపు చిల్లిపడితే ఎవరికి కనిపిస్తుంది? నదులు, బీచ్‌లు పాడయ్యాయి. ప్రభుత్వ యాజమాన్యం బంగారు కాలం అనేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు.

1989లో థాచర్ ప్రభుత్వం ఈ పదింటినీ షేర్ మార్కెట్లో అమ్మేసింది. అమ్మేముందు దాదాపు 500 కోట్ల పౌండ్ల అప్పు రద్దు చేసి, పైన మరో 150 కోట్ల పౌండ్లు చేతిలో పెట్టింది. కట్నమిచ్చి పంపినట్టే. ఇంగ్లాండ్‌లోలాగా నీళ్ల వ్యవస్థను పైపులతో సహా అమ్మిన దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోటీ లేని చోట ధరలకు కళ్లెం వేయడానికి నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్‌ను పెట్టారు. అది కొన్నేళ్లకోసారి గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. అంతకంటే తక్కువ ఖర్చుతో నడిపిస్తే మిగిలింది కంపెనీదే.

కాగితం మీద తెలివైన ఏర్పాటే. కానీ మేనేజర్ల జీతాల దగ్గరే ఇది జనానికి మింగుడు పడలేదు. అవే పైపులు, అదే ఆఫీసు, చాలాచోట్ల అదే మనిషి. కస్టమర్ ఇంకో కంపెనీకి వెళ్లే దారి లేదు. మరి రిస్క్ ఎక్కడుందని ప్రైవేటు రేటు జీతాలు, షేర్ ఆప్షన్లు? 1995 వేసవిలో యార్క్‌షైర్‌లో జలాశయాలు ఎండి, వందల ట్యాంకర్లతో రాత్రింబవళ్లు నీళ్లు తోలుతున్నప్పుడు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపించింది.

ఆ ఏడాదే కంపెనీ పెద్దల జీతాలను పరిశీలించిన గ్రీన్‌బరీ కమిటీ ఆ వివరాలన్నీ బయటపెట్టమంది. నా ఉద్దేశంలో దాని ఫలితం కొంత బెడిసికొట్టింది. పక్క కంపెనీ వాడికి ఎంతో తెలిశాక, మాకూ అంత కావాలి అనడం తేలికైంది. 1997లో లేబర్ ప్రభుత్వం అమ్ముడుపోయిన ఇలాంటి సంస్థలన్నిటి మీద ఒక్కసారి పన్ను వేసి దాదాపు 520 కోట్ల పౌండ్లు రాబట్టింది. యాజమాన్యం జోలికి మాత్రం పోలేదు. స్కాట్లాండ్‌లో నీళ్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. 1994లో అక్కడి స్ట్రాత్‌క్లైడ్ ప్రాంతంలో ఓటింగ్ పెడితే 97 శాతం అమ్మకం వద్దన్నారు. వేల్స్‌లో 2001 నుంచి వాటాదారులే లేని సంస్థ నడుపుతోంది. స్కాట్లాండ్‌లోనూ పై అధికారుల బోనస్‌ల మీద తిట్లు తప్పలేదు.

అసలు సొమ్ము పోయిన దారి వేరు. 2006లో ఆస్ట్రేలియా పెట్టుబడి సంస్థ మాక్వారీ బృందం లండన్‌కు నీళ్లిచ్చే థేమ్స్ వాటర్‌ను కొన్నప్పుడు కంపెనీ అప్పు 300 కోట్ల పౌండ్ల పైచిలుకు. 2017లో ఆ సంస్థ తన చివరి వాటా అమ్ముకుని వెళ్లేనాటికి అది 1,000 కోట్లు దాటింది. మధ్యలో డివిడెండ్లు వెళ్లాయి. వడ్డీతో పోలిస్తే బోనస్ చిల్లర డబ్బు. కానీ అప్పుల పొరలు పత్రికలో ఎవరు చదువుతారు? 2024లో కొత్త చీఫ్ ఎగ్జిక్యూటివ్‌కు మూడు నెలల పనికి 1,95,000 పౌండ్ల బోనస్ అంటే మాత్రం అందరికీ అర్థమైంది.

2025లో చట్టం వచ్చింది. ఆ జూన్‌లో థేమ్స్, యార్క్‌షైర్ సహా ఆరు కంపెనీల పెద్దలకు బోనస్‌లు నిషేధించారు. అదే సమయంలో నీళ్ల రంగాన్ని సమీక్షిస్తున్న కమిషన్‌కు జాతీయీకరణ సంగతి చూడొద్దని ప్రభుత్వం ముందే గిరి గీసింది. జులైలో ఆ కమిషన్ ఆఫ్‌వాట్‌నే ఎత్తేయమంది. మరుసటి నెలలో ఇంకో వార్త: యార్క్‌షైర్ వాటర్ చీఫ్ ఎగ్జిక్యూటివ్‌కు రెండేళ్లలో 13 లక్షల పౌండ్లు అదనంగా అందాయి. ఇచ్చింది నీళ్ల కంపెనీ కాదు, జెర్సీ దీవిలో నమోదైన దాని మాతృ సంస్థ.