సోంపు వాసన వేసిన నది: లూ గురించి అపోహలు - వాస్తవాలు

సున్నపురాయి నేలల్లో నీటి జాడ వెతకడం నా పని. ఫ్రాన్స్ తూర్పు అంచున, జురా కొండల్లో లూ అనే చిన్న నది ఉంది. పొడవు 120 కిలోమీటర్ల పైచిలుకు. మ్యాప్‌లో చూస్తే ఏ తిరకాసూ లేదు: ఊఆన్ దగ్గర పుట్టి, ఓర్నాన్ మీదుగా పడమటికి పారి, దోల్ పట్టణానికి దిగువన దూ నదిలో కలుస్తుంది. తిరకాసంతా నేల కింద ఉంది.

అపోహ: ఏ నదైనా సన్నటి ధారగానే మొదలవుతుంది.

వాస్తవం: లూ పుట్టడమే పెద్దగా పుడుతుంది. సుమారు 100 మీటర్ల కొండచరియ అడుగున, గుహ నోట్లోంచి నిండు ఏరులా దూకుతుంది. ఓర్నాన్‌లో పుట్టిన చిత్రకారుడు కూర్బే ఆ గుహను పదేపదే గీశాడు.

అపోహ: ఉపనది నీళ్ళు పెద్ద నదిలోకి పోతాయి గానీ, పెద్ద నది నీళ్ళు ఉపనదిలోకి రావు.

వాస్తవం: ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. 1901 ఆగస్టు 11న, దూ ఒడ్డున ఉన్న పోంతార్లియే పట్టణంలో సోంపు వాసన వేసే ఆబ్సింత్ అనే మద్యం తయారుచేసే పెర్నో ఫ్యాక్టరీ మీద పిడుగు పడింది. మంటలకు పీపాలు పేలతాయన్న భయంతో సరుకంతా వదిలేస్తే, మద్యం దూ నదిలోకి పారింది. రెండు రోజులకు, కొండల అవతల లూ ఊట దగ్గర సోంపు వాసన! దూ అడుగున ఉన్న పగుళ్ళలోంచి నీళ్ళు దిగిపోయి అక్కడ తేలుతున్నాయన్నమాట. వాసన ఒక్కటే సాక్ష్యమైతే మావాళ్ళు ఊరుకోరు. 1910లో దూ నదిలో ఫ్లోరెసిన్ అనే రంగు కలిపితే, లూ పచ్చగా బయటికొచ్చింది. అలాగని లూ మొత్తం దూ నీళ్ళే అనుకోవద్దు, పైనున్న పీఠభూమి మీద కురిసిన వానా అందులో చేరుతుంది.

అపోహ: కొండ కింద వడకట్టుకుని వస్తుంది కాబట్టి ఊట నీరు శుభ్రం.

వాస్తవం: ఇసుక వడకడుతుంది, సున్నపురాయి పగుళ్ళు పైపుల్లా పనిచేస్తాయి. పైన పొలంలో వేసిన పేడ ఎరువైనా, ఊరి మురుగైనా పెద్దగా మారకుండానే కిందికొస్తుంది. 2010లో లూలో చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాక ఈ మాట వినేవాళ్ళు పెరిగారు.

పోంతార్లియే దగ్గర పగుళ్ళలోకి దిగని దూ నీళ్ళు మాత్రం స్విస్ సరిహద్దు వెంట ఈశాన్యానికి పోయి, వెనక్కి తిరిగి, బెజాన్సోన్ చుట్టి వస్తాయి. అడ్డదారిన వచ్చిన నీళ్ళను మళ్ళీ కలిసేది దోల్ దిగువనే.