వెళ్లనివ్వడమూ లెట్టే, అడ్డుకోవడమూ లెట్టే

మన పాస్‌పోర్టు తెరిస్తే రాష్ట్రపతి పేరిట ఒక విన్నపం అచ్చయి ఉంటుంది. ఈ వ్యక్తిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ స్వేచ్ఛగా వెళ్లనివ్వండి, కావలసిన సాయం చేయండి అని అందులో కోరతారు. ఆ పుస్తకాన్ని ఎన్ని ఇమిగ్రేషన్ కౌంటర్ల మీద పెట్టినా, ఆ వాక్యం చదివేవాళ్లు తక్కువ. చదివితే తికమక తప్పదు. లెట్ అంటే చేయనివ్వడం కదా, మరి ‘లెట్ లేకుండా వెళ్లనివ్వండి’ అంటారేమిటి?

అది వేరే లెట్. పాత ఇంగ్లీషులో రెండు క్రియలుండేవి. ‘ల్యాటన్’ అంటే వదలడం, చేయనివ్వడం. ‘లెట్టన్’ అంటే అడ్డుకోవడం, ఆలస్యం చేయడం. మనం రోజూ అనే ‘లేటు’కి ఇది దగ్గరి చుట్టం. కాలం గడిచేకొద్దీ చివరి అక్షరాలు అరిగిపోయి రెండూ ఒకే రూపంలోకి వచ్చాయి. ఒకే మాటకు ‘పోనివ్వు’, ‘పోనివ్వకు’ అనే రెండర్థాలూ ఉంటే వినేవాళ్లకు గందరగోళమే. చివరికి అడ్డు అనే అర్థం వాడుకలోంచి తప్పుకుంది. ఒకే భావానికి రెండేసి మాటలు జతచేసే లాయర్ల భాషలో మాత్రం మిగిలింది. టెన్నిస్‌లో సర్వీస్ నెట్‌కు తగిలి అవతల పడితే ‘లెట్’ అంటారే, అందులో ఉన్నదీ ఆ అడ్డే.

1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ రాసేనాటికి ఈ అర్థం ఇంకా బతికే ఉంది. కోట మీద తండ్రి దెయ్యం రమ్మని సైగ చేస్తుంది. వెళ్లొద్దని మిత్రులు హామ్లెట్‌ను పట్టుకుంటారు. అప్పుడతను ‘ఐల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మీ’ అంటాడు. నేటి అర్థంతో చదివితే, తనను వెళ్లనిచ్చినవాణ్ణి చంపుతానన్నట్టు ఉంటుంది. నిజానికి అతనన్నది, నన్ను ఆపినవాణ్ణి దెయ్యాన్ని చేసేస్తాను అని. ఎదురుగా దెయ్యం నిలబడి ఉండగా ఆ మాట ఎంత పదునైనదో చూడండి.

పాత సాహిత్యంలో తెలియని మాటల వల్ల పెద్ద నష్టం లేదంటాను. అవి ఎదురైతే ఆగి డిక్షనరీ చూస్తాం. తెలుసనుకున్న మాట దగ్గర మాత్రం ఆగకుండా సాగిపోతాం, తప్పుగా అర్థం చేసుకున్నామన్న అనుమానమైనా రాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో, 119వ కీర్తన రాసిన భక్తుడు తెల్లవారడాన్ని ‘ప్రివెంట్’ చేశానంటాడు. సూర్యుణ్ణి ఆపలేదాయన, తెల్లవారకముందే లేచి ప్రార్థించాడు. లాటిన్ మూలంలో ఆ మాటకు అర్థం ముందుగా రావడమే. ముందొచ్చినవాడు దారి మూసేయగలడు కాబట్టి, క్రమంగా అది ‘నివారించు’ అయింది.

‘డీర్’ కథ మనకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. ‘కింగ్ లియర్’లో పిచ్చివాడి వేషం వేసిన ఎడ్గర్ తాను తిన్నవాటిని చెబుతూ ఎలుకలను, చుంచులను ‘స్మాల్ డీర్’ అంటాడు. పాత ఇంగ్లీషులో డీర్ అంటే ఏ జంతువైనా సరే. ఫ్రెంచి నుంచి ‘బీస్ట్’, లాటిన్ నుంచి ‘యానిమల్’ వచ్చి చేరాక, వేటగాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన జింకకే ఆ పేరు మిగిలింది. సంస్కృతంలో ‘మృగం’ కూడా మొదట అడవి జంతువే, తర్వాతే జింకకూ పేరైంది. అందుకే సింహాన్ని మృగరాజు అంటున్నాం, జింకను కృష్ణమృగం అనీ అంటున్నాం. వేటకు పేరు మృగయ.

కొన్ని మాటలు గౌరవం పోగొట్టుకున్నాయి, కొన్ని సంపాదించుకున్నాయి. ‘సిల్లీ’ ఒకప్పుడు ధన్యుడు. తర్వాత అమాయకుడు, ఆపైన పాపం అనిపించేవాడు, చివరికి తెలివితక్కువవాడు. ‘నైస్’ దానికి ఎదురు దారిలో నడిచింది. 14వ శతాబ్దంలో ఎవరినైనా నైస్ అంటే మూర్ఖుడని తిట్టినట్టే.

ఇవన్నీ మనకింత వివరంగా తెలియడం ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ చలవే. 1857లో ఆలోచన మొదలైతే, తొలి ముద్రణ పూర్తయింది 1928లో. వేలమంది పాఠకులు పుస్తకాలు చదువుతూ, మాట కనిపించిన వాక్యాన్ని చీటీలపై రాసి పంపారు. ఆ చీటీలను తేదీల వరసలో పేరిస్తే అర్థం ఎప్పుడు ఎటు మళ్లిందో తెలుస్తుంది. 1879లో సంపాదకుడైన జేమ్స్ ముర్రేకి అక్కడే ఒక ఇబ్బంది ఎదురైంది. చదివేవాళ్లు వింత మాటలనే ఏరి పంపుతున్నారు. ఎవరూ వాడని ‘అబ్యూజన్’కు 50 దాకా చీటీలొచ్చాయి, అందరూ వాడే ‘అబ్యూజ్’కు ఐదైనా లేవు. మామూలు మాటలనూ రాసి పంపండని ఆయన పాఠకులను ప్రత్యేకంగా అడగాల్సి వచ్చింది.