గుల్మార్గ్‌లో మంచు పడకపోతే ఎండేది పొలాలే

2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ ఫొటోలు చూసి నాకు గుండె చివుక్కుమంది. మంచు మేటలు వేయాల్సిన చోట ఎండిన గడ్డి కనిపించింది. టీవీల్లో మాత్రం స్కీయింగ్ (మంచు మీద జారే ఆట) లేదు, టూరిస్టుల బుకింగులు రద్దయ్యాయి అనే గోలే. నెలాఖరుకి మంచు పడింది, ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ అనే చలికాలపు ఆటల పోటీలు అక్కడ ఫిబ్రవరిలో జరిగాయి, అక్కడితో ఆ వార్తా అయిపోయింది.

కానీ కశ్మీర్ రైతుకి మంచు ఎంత పడిందన్నదే కాదు, ఎప్పుడు పడిందన్నదీ ముఖ్యమే. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల్ని అక్కడ చిల్లై కలాన్ అంటారు, తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, పది రోజులు చిల్లై బచ్చా. చిల్లై కలాన్‌లో పడిన మంచు గడ్డకట్టి కొండల మీద నిలిచి, ఎండాకాలమంతా కొద్దికొద్దిగా కరుగుతూ వాగుల్లోకి, జీలం నదిలోకి దిగుతుంది. మనకి చెరువు ఎలాగో వాళ్ళకి ఆ కొండ అలాగ. ఎండ ముదిరాక పడే మంచు అంతకాలం నిలవదు. పైన మంచు దుప్పటి లేకపోతే కొలహోయ్ లాంటి హిమానీనదాల పాత మంచు కూడా తొందరగా కరుగుతుంది.

మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే గాలివానలు, వాతావరణ శాఖ వాటిని పశ్చిమ అలజడులు అంటుంది. గుల్మార్గ్‌లో గడ్డి కనిపించిన ఆ చలికాలం మొదటి సగంలో అవి బలహీనంగా వచ్చాయి. దానికి తోడు ఏటికేడు వేడి పెరుగుతోంది కాబట్టి, ఒకప్పుడు మంచు పడిన చోట ఇప్పుడు వాన పడటం కూడా ఉంది.

ఇది 2024తో మొదలైంది కాదు. 2018లో చలికాలం పొడిగా గడిచాక, ఈసారి వరి వేయొద్దని నీటిపారుదల శాఖే ఉత్తర కశ్మీర్ రైతులకి చెప్పింది. అన్నమే ప్రధానంగా తినే చోట ఆ మాట చెప్పాల్సి రావడం ఎంత దారుణమో వరి పండించే మనకి వేరే చెప్పక్కర్లేదు. 2025లో గుల్మార్గ్‌లో ఆ వింటర్ గేమ్స్ మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. అదే ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లా అచ్ఛబల్‌లో, మొఘలుల తోటకి నీళ్ళిచ్చే ఊట ఎండిపోయి, దాని మీదే ఆధారపడ్డ చుట్టుపక్కల ఊళ్ళు తాగునీటికి ఇబ్బంది పడ్డాయి.

ఇక ఆపిల్. దేశంలో పండే ఆపిల్స్‌లో సగానికి పైగా కశ్మీర్‌వే, హైదరాబాద్ పండ్ల మార్కెట్‌కి వచ్చే పెట్టెల్లోనూ అవి ఉంటాయి. ఆ చెట్టుకి చలికాలమంతా చల్లటి నిద్ర కావాలి. ఫిబ్రవరిలోనే వెచ్చబడితే తొందరపడి పూస్తుంది, ఆ తర్వాత ఒక్క రాత్రి చలి తిరగబెట్టినా పూత మాడి రాలిపోతుంది.