శిలీంధ్రం తింటే కండ పడుతుందా? పిల్లలకు ఉత్తరం

ఒంగోలు.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పొద్దున్నే నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగులు తీసి, సాయంత్రం జిమ్ముకు కూడా వెళ్తున్నామని మీరు చెప్పినప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. మొన్న ఫోన్లో పెద్దోడు అడిగిన ప్రశ్నకు ఔనని ఒక్క మాట అనేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. "తాతయ్యా, శిలీంధ్రాల నుంచి తీసిన ప్రొటీన్ తిన్నా కోడిమాంసం తిన్నట్టే కండ పడుతుందట, నిజమేనా?" అన్నాడు. నిజమే నాయనా. ఎందుకు నిజమో కూడా తెలిస్తే, ఎంత తినాలో, అసలు మీకు ఆ అవసరం ఉందో లేదో మీరే తేల్చుకుంటారు. ఇన్నేళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, మనవలకు ఈమాత్రం విడమరిచి చెప్పకుండా ఎలా ఉంటాను?

శిలీంధ్రం అనగానే మీకు పుట్టగొడుగు గుర్తొస్తుంది. పుట్టగొడుగు సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లా పనిచేసే సన్నటి రేణువులను, వెదజల్లడానికి పైకి లేచే భాగం మాత్రమే. అసలు జీవి మట్టిలోనో, పుచ్చిన కట్టెలోనో సన్నటి పోగులుగా పాకి ఉంటుంది. బ్రెడ్డు ముక్కను డబ్బాలో పెట్టి మరిచిపోతే పైన తెల్లటి నూగు లేస్తుంది కదా, ఈసారి పారేసేముందు ముక్కు దగ్గర పెట్టుకోకుండా భూతద్దంతో ఒకసారి చూడండి. గాజు పోగుల్లా మెరిసే సన్నటి కొమ్మలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని, కొన్నిటి చివర గుండుసూది తలల్లాంటి నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ పోగులను శిలీంధ్ర తంతువులు అంటాం. తినడానికి పనికొచ్చే జాతి తంతువులను శుభ్రమైన ట్యాంకులో పెంచి, వడకట్టి తీస్తే వచ్చేదే మైకోప్రొటీన్. ఆ బ్రెడ్డు బూజు వేరు, ఇది వేరు. బూజు పట్టినదేదీ తినకూడదు.

దీని పుట్టుక చెప్తాను, నాకు ఇష్టమైన కథ. 1960ల్లో ప్రపంచ జనాభా వేగంగా పెరుగుతుంటే, అందరికీ సరిపడా ప్రొటీన్ దొరకదేమోనని శాస్త్రవేత్తలు బెంగపడ్డారు. బ్రిటన్‌లో గోధుమ పిండి, బ్రెడ్డు వ్యాపారం చేసే ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ కంపెనీకి ఒక ఆలోచన వచ్చింది: పిండిపదార్థాన్ని ప్రొటీన్‌గా మార్చే సూక్ష్మజీవి ఏదైనా ఉంటే బావుండునని. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి వేల నమూనాలు పరీక్షించారు. చివరికి పనికొచ్చిన శిలీంధ్రం వాళ్ల సొంత దేశంలోనే, మార్లో అనే ఊరి మట్టిలో దొరికింది. దాని పేరు ఫ్యుసేరియం వెనెనేటమ్. అది మనుషులు తినడానికి క్షేమమేనని తేల్చుకోవడానికి ఏళ్లు పట్టింది. 1985లో 'క్వార్న్' పేరుతో అంగట్లోకి వచ్చింది.

తయారీ కూడా చూడదగ్గదే. ఫర్మెంటర్ అనే ఎత్తైన ట్యాంకులో గ్లూకోజు, నత్రజని కోసం అమోనియా, కొన్ని ఖనిజ లవణాలు, కింది నుంచి గాలి ఇస్తూ ఉంటే తంతువులు రాత్రీ పగలూ పెరుగుతూనే ఉంటాయి. తీసిన తర్వాత వేడి చేస్తారు. అంత వేగంగా పెరిగే జీవిలో ఆర్‌ఎన్‌ఏ, అంటే కణాల్లో ప్రొటీన్ తయారీని నడిపే పదార్థం, ఎక్కువగా ఉంటుంది, అది మన ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారుతుంది, అది ఎక్కువైతే కీళ్లకు చేటు. వేడి చేసి ఆర్‌ఎన్‌ఏని తగ్గించాకే అది ఆహారం అవుతుంది. ఆ తర్వాత గడ్డకట్టిస్తే పోగులు దగ్గరపడి, నమిలితే కోడిమాంసంలా పీచులు పీచులుగా తగులుతుంది.

ఇక కండ సంగతి. బరువులెత్తినంత మాత్రాన కండ పెరగదు. కండరంలో పాత ప్రొటీన్ విరిగిపోవడం, కొత్తది తయారవడం రోజంతా జరుగుతూనే ఉంటాయి. వ్యాయామం తర్వాత రెండూ వేగం పుంజుకుంటాయి. ఖాళీ కడుపుతో ఉంటే విరిగేదే ఇంకా ఎక్కువ. తిన్న ప్రొటీన్ అరిగి, దాన్ని కట్టిన ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి వచ్చినప్పుడు తయారీది పైచేయి అవుతుంది. అలా వారాలూ నెలలూ కొద్దికొద్దిగా మిగిలిందే మీరు అద్దంలో చూసుకునే కండ.

మొత్తం 20 అమైనో ఆమ్లాల్లో 9 మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. వాటిలో లూసిన్ ప్రత్యేకం. కండరానికి అది ముడిసరుకు మాత్రమే కాదు, బడిలో గంట కొట్టినట్టు పని మొదలుపెట్టమని కబురు కూడా. లూసిన్ తగినంత చేరగానే కండర కణాల్లో ఎంటార్ అనే వ్యవస్థ మేలుకుంటుంది, అప్పుడు ప్రొటీన్ తయారీ జోరందుకుంటుంది. కాబట్టి ఏ తిండి గురించైనా అడగాల్సినవి రెండే: ఆ 9 ఆమ్లాలూ చాలినంత ఉన్నాయా, లూసిన్ ఎంత? మైకోప్రొటీన్‌లో తొమ్మిదీ ఉన్నాయి. అరుగుదలను కూడా లెక్కలోకి తీసుకునే నాణ్యత కొలతలో పాలు, గుడ్డు పక్కన నిలబడుతుంది.

ఇది కాగితం మీద లెక్కగా మిగిలిపోలేదు. 2020లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు బరువులెత్తే అలవాటున్న 20 మంది కుర్రాళ్లతో ఒక్క కాలితోనే వ్యాయామం చేయించి, రెండో కాలికి విశ్రాంతి ఇచ్చారు. వెంటనే కొందరికి పాల ప్రొటీన్, కొందరికి మైకోప్రొటీన్ కలిపి తాగించారు. రెండిటిలోనూ లూసిన్ సమానం, 2.5 గ్రాములు. తర్వాత నాలుగు గంటల పాటు రక్తం తీస్తూ, తొడ నుంచి సూదితో చిటికెడు కండ తీసి, కొత్త ప్రొటీన్ ఎంత వేగంగా తయారవుతోందో కొలిచారు. పాల అమైనో ఆమ్లాలు రక్తంలోకి తొందరగా వచ్చాయి, మైకోప్రొటీన్‌వి నిదానంగా వచ్చాయి. అయినా మైకోప్రొటీన్ తాగినవాళ్లలోనే కండ తయారీ ఎక్కువగా ఉంది, విశ్రాంతి తీసుకున్న కాలిలోనూ, కష్టపడ్డ కాలిలోనూ. "తొందరగా అరిగేదే గొప్ప" అని మీ జిమ్ములో ఎవరైనా అంటే ఈ ప్రయోగం గుర్తు చేయండి.

కానీ పిల్లలూ, ఏ ప్రయోగాన్నైనా పూర్తిగా చదవాలి. ఇందులో పాల వాటా 26 గ్రాముల ప్రొటీన్, మైకోప్రొటీన్ వాటా 31.5 గ్రాములు. ఖర్చు భరించడంలో క్వార్న్ తయారీదార్ల చెయ్యి ఉంది. దానివల్ల ఫలితం అబద్ధం అయిపోదు, మనం చదివే కళ్లు మాత్రం తెరిచి ఉండాలి. పైగా ఆ 31.5 గ్రాముల కోసం వాళ్లు తీసుకున్నది 70 గ్రాముల ఎండు పొడి. తడి రూపంలో అయితే దాదాపు 280 గ్రాములు, అంటే ఒక కంచం నిండా. 100 గ్రాముల తడి మైకోప్రొటీన్‌లో ప్రొటీన్ 11 గ్రాములే ఉంటుంది.

నాకు ఇంకా బాగా నచ్చింది 2023లో వచ్చిన పరిశోధన. అదే యూనివర్సిటీలో యువతీ యువకులు 10 వారాలు గట్టిగా బరువులెత్తారు. కొందరు మాంసం, గుడ్లు, పాలతో కూడిన తిండి, కొందరు మైకోప్రొటీన్ ఎక్కువగా ఉన్న, పాలు కూడా లేని పూర్తి శాకాహారం తిన్నారు. ప్రొటీన్ రెండు పక్కలా ఎక్కువే, కిలో బరువుకు రోజుకు 2 గ్రాముల దరిదాపు. చివరికి కండ, బలం రెండు గుంపుల్లోనూ ఒకేలా పెరిగాయి. అదే ఏడాది మరో ప్రయోగంలో మైకోప్రొటీన్, బఠాణీ ప్రొటీన్, రెండూ కలిపినది పోల్చి చూస్తే మూడూ సమానంగా పనిచేశాయి. అమ్మడూ, నువ్వు కోడిమాంసం ముట్టవు కదా, ఈ మాట నీకోసమే రాస్తున్నాను. తగినంత తింటే చాలు, నీ కండరం ఎవరికీ తీసిపోదు.

అన్నట్టు, పుట్టగొడుగుల కూర తిని ప్రొటీన్ లెక్క రాసుకుంటున్నాడట చిన్నోడు. మీ అమ్మ బటన్ పుట్టగొడుగులు వండేటప్పుడు పక్కన నిలబడి చూడు నాయనా. మూకుడు నిండా వేసిన ముక్కలు ఉప్పు తగలగానే నీళ్లు వదిలి, ఆ నీళ్లలోనే ఉడికి, కాసేపటికి గుప్పెడవుతాయి. ముక్కలో తొంభై శాతానికి పైగా నీళ్లే. 100 గ్రాముల పచ్చి పుట్టగొడుగుల్లో ప్రొటీన్ 3 గ్రాములు, అంతే. రుచికి తిను, మంచిదే. వ్యాయామం తర్వాతి ప్రొటీన్‌గా లెక్కపెట్టకు. శిలీంధ్రాలతో చేసే ఇంకో తిండి టెంపే. జావా వాళ్లు ఉడికిన సోయా గింజల్లో రైజోపస్ అనే శిలీంధ్రాన్ని పెంచి, గింజలన్నీ ఒక అచ్చుగా అతుక్కున్నాక వండుకుంటారు. అందులో 100 గ్రాములకు 19 గ్రాముల దాకా ఉంటుంది, అయితే ఆ బలంలో ఎక్కువ వాటా సోయాది.

ఇక మీరు చేయాల్సింది. మామూలు మనిషికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు 1.4 నుంచి 2 గ్రాములు. పెద్దోడు 60 కిలోలు, అంటే రోజుకు 84 నుంచి 120 గ్రాములు. దాన్ని ఒకే పూట కుక్కకుండా ఒక్కోసారికి 20, 25 గ్రాముల చొప్పున నాలుగైదు సార్లుగా పంచుకోవాలి. జిమ్ము నుంచి బయటపడిన అరగంటలో తాగకపోతే కష్టమంతా వృథా అని టెన్షన్ పడొద్దు, వ్యాయామం చేసిన కండరం ఒక రోజంతా ప్రొటీన్‌ను బాగానే వాడుకుంటుంది.

మైకోప్రొటీన్ మా ఒంగోలు ట్రంక్ రోడ్డు దుకాణాల్లో నేను చూడలేదు. తెప్పించుకోగలిగితే తినండి, అందులోని పీచు కడుపుకు మంచిది. దొరకలేదని దిగులు వద్దు. నెల్లూరులో ఉంటూ చేపలకు, రొయ్యలకు కరువేముంది? 100 గ్రాముల రొయ్యల్లో 20 గ్రాములు. రెండు గుడ్లలో 12. అమ్మడికి 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25 గ్రాములు, గుప్పెడు వేరుశనక్కాయల్లో 7. బియ్యంలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లం కందిపప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ అనేది బియ్యంలో ఉంది, అందుకే పప్పన్నం కలిపి తినండి. అన్నం కొండంత, పప్పు గరిటెడు మాత్రం కాదు, పప్పు చిక్కగా రెండు గరిటెలు పడాలి.

కొన్ని జాగ్రత్తలు. మైకోప్రొటీన్ ముక్కల్లో చాలావాటికి గుడ్డు తెల్లసొన కలుపుతారు, గుడ్డు తినని మీ స్నేహితులు ప్యాకెట్ వెనక చదివి కొనాలి. బూజు అంటే పడక ఆయాసం వచ్చేవాళ్లు, ఎలర్జీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు, కొద్దిమందికి వాంతులు, దద్దుర్లు వచ్చిన సందర్భాలున్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ ఏదైనా సరే సొంతంగా పెంచకూడదు. మొదటిసారి కొద్దిగానే తినండి, అంత పీచు ఒక్కసారే పడితే కడుపు ఉబ్బుతుంది. వానలు పడ్డాక చేలగట్ల మీద లేచే పుట్టగొడుగులను మాత్రం ఎవరెంత ధైర్యం చెప్పినా కోయొద్దు, విషపువి చూడటానికి మంచివాటిలాగే ఉంటాయి, ఉడికించినా వాటి విషం పోదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు రోజూ ఏం తింటున్నారో ఒక వారం పాటు రాసి తెండి. కూర్చుని లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య