బెలుం చీకటికి క్రోల్ కొండ దీపం

కడప బండ పరిచిన వంటగట్టు మీద రాత్రి నిమ్మచెక్క మరిచిపోతే తెల్లారేసరికి తెల్లటి మచ్చ పడి ఉంటుంది. ఎంత రుద్దినా పోదు, పులుపు సున్నపురాయిని తినేసింది కాబట్టి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు తొలుచుకుపోయిందీ ఇలాగే. నిమ్మరసం బదులు బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు, ఒక రాత్రి బదులు లక్షల ఏళ్లు, అంతే తేడా.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పట్టణం దగ్గరున్న డెంట్ డె క్రోల్ కొండదీ సున్నపురాయే. గుహల్లోకి దిగేవాళ్లు వాడే పెట్జెల్ సామాను కథ ఆ కొండ కడుపులో మొదలైంది. బెలుం, గండికోట వైపు వెళ్లే కుర్రాళ్లు ఆ పేరున్న దీపమూ తాడూ కొనాలా, బజార్లో దొరికే చవక సరుకు చాలదా అని తర్జనభర్జన పడుతుంటారు. ఆ సామాను ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం సందేహం తీరుతుంది.

ఫెర్నాండ్ పెట్జెల్ చేతిపనిలో ఘనుడు. పియర్ షెవాలియే బృందంతో కలిసి 1930ల నుంచి క్రోల్ కొండ గుహలన్నీ గాలించాడు. 1947లో వాళ్లు చేరిన లోతు 658 మీటర్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. నార తాడు తడిస్తే బరువెక్కుతుంది, నానితే కుళ్లుతుంది. అందుకే యుద్ధకాలంలో నైలాన్ చేతికి అందగానే ఆ బృందం దానికి మారింది. ఒంటి తాడు మీద దిగడానికి, మళ్లీ ఎక్కడానికి కావలసిన పరికరాలు 1960ల చివర్లో ఆయన పనిశాల నుంచి రావడం మొదలైంది. కొడుకులు పాల్, పియర్‌లతో కలిసి 1975లో కంపెనీ పెట్టారు. ఛాతీకి బిగించుకుని తాడెక్కే పరికరానికి ‘క్రోల్’ అనే పేరే ఉంది. అన్వేషణ స్ఫూర్తి అంటూ కంపెనీలు చెప్పుకునే మాటల్లో సగానికి పైగా ప్రచారమే. ఇక్కడ మాత్రం తమ అవసరానికి చేసుకున్నది తరవాత అమ్మకానికి వచ్చింది.

దీపం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గుహలవాళ్లు దశాబ్దాల పాటు కార్బైడ్ దీపం వాడారు. మన దగ్గర మామిడికాయల్ని దొంగచాటుగా మగ్గబెట్టే ఆ బూడిదరంగు గడ్డలే కార్బైడ్. నడుముకి కట్టుకున్న డబ్బాలో కింద గడ్డలు, పైన నీళ్లు ఉంటాయి. నీళ్లు చుక్కచుక్కగా పడితే ఎసిటిలీన్ వాయువు పుట్టి, గొట్టం గుండా హెల్మెట్ ముందున్న సన్నరంధ్రపు మొనకి (దాన్నే ముక్కు అంటారు) చేరి మండుతుంది. కిలో గడ్డలకి సుమారు 300 లీటర్ల వాయువు వస్తుంది. గంటకి 21 లీటర్లు తాగే ముక్కుకి 300 గ్రాములు పోస్తే నాలుగు గంటలు వెలుగుతుంది. డబ్బాని సగానికి మించి నింపకూడదు, గడ్డలు సున్నమై ఉబ్బి బిగుసుకుపోతాయి. ముక్కుకి మసి పడితే సన్నతీగతో పొడవాలి. పెట్జెల్ కూడా ‘ఆరియాన్’ పేరుతో ఇలాంటి డబ్బా అమ్మింది.

బ్యాటరీ దీపంలో తలనొప్పి వేరే. డబ్బా నడుముకి, బల్బు నుదుటికి, మధ్యలో వైరు. ఇరుకు సందులో పాకేటప్పుడు ఆ వైరు రాయికి తగులుకునేది. 1973లో ఫెర్నాండ్ పెట్జెల్ పనిశాల అంతా తలపట్టీ మీదికే ఎక్కించింది. 2000లో వచ్చిన ‘టిక్కా’లో మూడు ఎల్‌ఈడీలు, మూడు ఏఏఏ సెల్లు. ఇవాళ ఏ దుకాణంలో చూసినా అమ్మే చిన్న తలదీపాలన్నీ దాని చుట్టాలే.

మరి బెలుంకి ఏది సరిపోతుంది? 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. వందేళ్లకి, 1982–84లో, జర్మన్ గుహాన్వేషకుడు హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం వాటిని కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. 2002లో సందర్శకులకి తెరిచింది అందులో సుమారు కిలోమీటరున్నర. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ 46 మీటర్లే. క్రోల్ కొండలా చలి, నిలువు లోతు ఇక్కడ లేవు. ఉక్క, అడ్డంగా సాగే సందులు, ఆడని గాలి ఉన్నాయి. కార్బైడ్ మంట ఉన్న కాస్త గాలినీ తినేసి పైకప్పుకి మసి పూస్తుంది. కాబట్టి ఎల్‌ఈడీయే సరి, చవకదైనా నీళ్లు దూరకుండా, పట్టీ గట్టిగా ఉంటే చాలు. సందర్శకుల దారిలో కరెంటు దీపాలున్నాయి, తలదీపంతో పని అవి ఆరినప్పుడే. కానీ ఎల్‌ఈడీ ఒక హెచ్చరిక ఇవ్వదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, 16 దగ్గరికి పడితే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఎల్‌ఈడీ మాత్రం అలాగే వెలుగుతూ ఉంటుంది. ఊరికే ఆయాసం, తలపోటు మొదలైతే వెనక్కి తిరగాలి. ఒక్కొక్కరి దగ్గర మూడు దీపాలుండాలన్నది గుహలవాళ్ల పాత నియమం. వాడని దీపంలో సెల్లు ఉంచితే కారి, స్ప్రింగు మీద తెల్లటి పొక్కు కడుతుంది. అప్పుడు మూడో దీపం ఉన్నా లేనట్టే.

తాడు దగ్గర మాత్రం చవక పనికిరాదు. గండికోటలో పెన్న కోసిన అంచులు ఇసుకరాయివి, గరుకు కాగితంలా ఉంటాయి. అంచు మీద తాడు రెండు వేళ్ల వెడల్పున అటూఇటూ రాసుకున్నా పై తొడుగు పోగులు లేస్తాయి. అక్కడ తాడుకి పాత జీన్స్ ప్యాంటు కాలు తొడిగి, అది జారకుండా పైన విడిగా కట్టాలి. దిగడానికి సాగని తాడే కావాలి. దానికి యూరప్‌లో పెట్టిన ప్రమాణం ఈఎన్ 1891, అందులో ‘ఏ’ రకం కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండు టన్నుల పైచిలుకు బరువు, తట్టుకోవాలి. కొత్త తాడుని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెడితే కొంత కుంచించుకుని నేత బిగుస్తుంది, పొడవు ఆ తరవాతే కొలుచుకోవాలి. వాడినా వాడకపోయినా పదేళ్లు దాటిన తాడుని పక్కన పడేయాల్సిందే.

జీపులో బ్యాటరీ పక్కన మాత్రం తాడు పెట్టకండి. నిమ్మరసం బండని తిన్నట్టే యాసిడ్ నైలాన్‌ని తింటుంది, కానీ ఒక్కోసారి కంటికి మచ్చ కూడా కనపడదు.