బోరు లేని ఇంజనుకు రన్నింగు ఎలా?

ఇంజను బోరు చేయించిన మోటారు సైకిలును ఎవరైనా అడిగితే, "బండి రన్నింగులో ఉంది, నలభై దాటనివ్వకు" అని చెప్పి మరీ తాళం చేతికివ్వడం మన ఊళ్లలో అందరూ ఎరిగినదే. బోరు చేసిన సిలిండరు గోడ మీద, దానిని చివరగా సానపట్టే హోనింగు రాయి వదిలిన సన్నని అడ్డగీతలు, కొత్త పిస్టన్ రింగులు కొంతకాలం రాపిడి పడి ఒకదానికొకటి అమరితే తప్ప గ్యాసు కిందికి జారకుండా ఆగదు. అమెరికాలో ఇంటి షెడ్డులోనే సొంతంగా విమానం కట్టుకునేవారిలో ఒక చిన్న వర్గం, మాజ్డా ఆర్‌ఎక్స్-7 వంటి కార్ల నుంచి తీసిన 13బి అనే వాంకెల్ రోటరీ ఇంజనును ఆ విమానానికి బిగిస్తుంది. అందులో సిలిండరు లేదు, పిస్టన్ లేదు, గుండ్రని రింగులూ లేవు. అయినా దానికీ రన్నింగు ఉంది. అయితే పిస్టన్ ఇంజనులో రన్నింగు కొంతవరకు చక్కదిద్దగలిగే పనిని ఇక్కడ బల్ల మీదే, ఇంజను కూర్చేటప్పుడే పూర్తి చేసుకోవాలి.

ముందుగా పేరు విషయంలో ఒక స్పష్టత అవసరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలలో వాడిన నోమ్, ల రోన్ ఇంజనులను కూడా రోటరీలనే పిలిచారు. వాటిలో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గిర్రున తిరిగేవి. పెట్రోలులో సులభంగా కరగదన్న కారణంతో వాటికి కందెనగా పోసినది మన ఆముదమే. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టి, ఎన్‌ఎస్‌యూ సంస్థలో 1957లో మొదటిసారి తిరిగిన ఇంజను వేరు. మొదటి నమూనాలో బయటి గది కూడా తిరిగేది గానీ, తరువాత స్థిరపడిన రూపంలో గది కదలదు, లోపలి రోటరు మాత్రమే తిరుగుతుంది. మన దేశంలోనూ 55 అశ్వశక్తుల వాంకెల్ ఇంజనును తయారు చేసి, 2009లో కోలార్ దగ్గర నిశాంత్ అనే మానవరహిత విమానంలో ఎగురవేశారు.

గది ఆకారం నడుము దగ్గర కాస్త నొక్కినట్టున్న అండాకారం. అందులో మూడు వైపులా ఉబ్బిన త్రిభుజం వంటి రోటరు, తన మూడు కొనలూ ఎప్పుడూ గోడను తాకుతూ ఉండేలా తిరుగుతుంది. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి దాని నడిమి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. 13బిలో రోటరు మధ్య నుంచి కొన వరకు 105 మిల్లీమీటర్లు, షాఫ్టు మీద రోటరు కూర్చునే భాగం పక్కకు జరిగి ఉన్న దూరం 15 మిల్లీమీటర్లు, రోటరు మందం 80 మిల్లీమీటర్లు. ఈ మూడింటి లబ్ధాన్ని 3√3తో గుణిస్తే ఒక్కో గది 654 ఘన సెంటీమీటర్లని తేలుతుంది. రెండు రోటర్లకు కలిపి 1308. వాల్వులు లేవు, పైకీ కిందికీ కొట్టుకునే బరువు లేదు. విమానం కట్టేవారిని ఆకర్షించేది ఈ సరళతే.

ఈ సరళతకు చెల్లించవలసిన మూల్యమంతా సీళ్ల దగ్గర ఉంది. రోటరు కొనల్లోని గాడులలో నిలువుగా కూర్చునే పలచని లోహపు పట్టీలను ఏపెక్స్ సీళ్లంటారు. పక్క ముఖాల మీద వంపు తిరిగిన సైడ్ సీళ్లు, ఈ రెండూ కలిసే మూలలో చిన్న బిళ్లల్లాంటి కార్నర్ సీళ్లు ఉంటాయి. ఏపెక్స్ సీలు గోడకు ఎప్పుడూ నిటారుగా నిలబడదు. పైన చెప్పిన కొలతల ప్రకారం అది ఇరువైపులా దాదాపు 25 డిగ్రీల వరకు వాలుతూ, తన గుండ్రని అంచు మీద తాకే చోటును క్షణక్షణం మార్చుకుంటూ పోతుంది. 1960లలో హిరోషిమాలో మాజ్డా ఇంజనీర్లను అన్నిటికన్నా ఎక్కువగా వేధించిన సమస్య ఇక్కడే పుట్టింది. సీలు అదురుతూ గోడ మీద అలల్లాంటి గాట్లు పెట్టేది. వాటిని వారు దయ్యపు గోటి గీతలు అన్నారు. కెనిచి యమమోటో నాయకత్వంలోని బృందం అల్యూమినియం కలిపిన కార్బన్ సీళ్లతో ఆ చిక్కును విప్పాక, 1967లో కాస్మో స్పోర్ట్ కారు మార్కెట్టులోకి వచ్చింది.

సీలు వెనుక ఉండే స్ప్రింగు ఇంజను స్టార్టయ్యేవరకే ముఖ్యం. ఆ తరువాత గాడిలోకి దూరిన గ్యాసు ఒత్తిడే సీలును వెనుక నుంచి గోడకు అదుముతుంది. కాబట్టి సీలు గాడిలో బిగుసుకుపోకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు. ఒక్కో సీలును దాని గాడిలో పెట్టి, వేలితో నొక్కి వదిలి, స్వేచ్ఛగా పైకి లేస్తోందో లేదో చూడాలి. సైడ్ సీలుకూ కార్నర్ సీలుకూ మధ్య ఖాళీని, సందులు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజితో కొలిచి, ఎక్కువ పొడవున్న సీలు కొనను కొద్దికొద్దిగా అరగదీసి, 0.05 మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి. మాజ్డా మాన్యువల్ 0.15 వరకు ఒప్పుకుంటుంది. కానీ ఓపిక ఉన్నవారు ఆ వెసులుబాటు తీసుకోరు, తీసుకోకూడదనే నా అభిప్రాయం కూడా. పిస్టన్ రింగు తిరుగుతూ తిరుగుతూ గోడకు అమరుతుంది గానీ, ఈ సందు ఎన్ని గంటలు నడిపినా తగ్గదు, పెరుగుతుందంతే.

కూర్పు ఇడ్లీ స్టాండులో పళ్లేలు పేర్చినట్టు సాగుతుంది: ఇనుప పలక, దాని మీద అల్యూమినియం గది, మళ్లీ ఇనుప పలక, మళ్లీ గది, చివరగా మూడో పలక. పేర్చేటప్పుడు సీళ్లు జారిపోకుండా వాసెలిన్ పూసి నిలుపుతారు. ఇంజను వేడెక్కగానే అది కరిగిపోతుంది. నడిమి పలకను దింపడానికి షాఫ్టును సుమారు 25 మిల్లీమీటర్లు పైకెత్తి పట్టుకోవాలి. కంటికి కనిపించకుండా ఒక కార్నర్ సీలు పక్కకు ఒరిగిపోయే ప్రమాదం ఆ క్షణంలోనే ఎక్కువ, అందుకే ఈ పని ఇద్దరుండి చేసుకోవడం మేలు. చివరికి మొత్తాన్ని ఒక కొస నుంచి మరో కొస వరకు పోయే పొడవాటి బోల్టులు పట్టి ఉంచుతాయి. వాటిని వరుస తప్పకుండా రెండు మూడు విడతలుగా, 32 నుంచి 39 న్యూటన్ మీటర్ల వరకు బిగించి, షాఫ్టు ముందుకూ వెనక్కూ కదిలే ఆట 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో డయల్ గేజితో చూడాలి.

ఈ పొరల వరుసలోనే ఇంజను బలహీనత కూడా ఉంది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. పైగా ఈ ఇంజనులో మంట ఎప్పుడూ ప్లగ్గులున్న వైపే మండుతుంది, చల్లని గాలి ఎప్పుడూ ఎదుటి వైపునే వస్తుంది. పిస్టన్ ఇంజనులో మాదిరిగా ఒకే చోటికి వేడీ చల్లదనమూ వంతులవారీగా రావు. నీళ్లు తగ్గి ఒక్కసారి బాగా కాగితే, గది ఇనుప పలకల మధ్య నలుగుతుంది, నీటి దారుల చుట్టూ ఉన్న రబ్బరు సీళ్లు పాడవుతాయి, చల్లారాక నీరు గదిలోకి కారుతుంది. రోటర్లను లోపలి నుంచి చల్లార్చేది ఆయిలే కనుక, శీతలీకరణ భారంలో సుమారు మూడో వంతు ఆయిల్ కూలరు మీద పడుతుంది. రేడియేటరు మీద పెట్టిన శ్రద్ధ దాని మీద పెట్టనివారు తరువాత బాధపడతారు.

ఇక రన్నింగు సంగతి. లైకమింగ్ వంటి విమాన ఇంజనులలో రింగులు కూర్చోవడానికి మినరల్ ఆయిల్ పోసి, మొదటి నుంచే 65 నుంచి 75 శాతం శక్తితో నడపమంటారు. మెల్లగా నడిపితే సిలిండరు గోడ మీద ఆయిల్ కాలి గాజులా పేరుకుంటుంది. వాంకెల్ గది గోడ మీద ఉన్నది గట్టి క్రోమియం పూత. అక్కడ హోనింగు గీతలు లేవు, అరిగి ఆకారం మార్చుకోవలసింది సీలు అంచే. అది తొందరపెట్టకూడని పని. మొదట ఇగ్నిషన్ ఆపి ఉంచి, ఆయిల్ ప్రెషరు కనిపించేవరకు స్టార్టరుతో తిప్పాలి. పెట్రోలు ఎక్కువైతే సీళ్ల మీది ఆయిల్ కడుక్కుపోయి కంప్రెషన్ పడిపోతుంది, ఇంజను ఎంత తిప్పినా అందుకోదు. అప్పుడు ప్లగ్గు రంధ్రం గుండా కొద్దిగా ఆయిల్ పోయడమే మార్గం. విమానాలలో చాలామంది, సీళ్ల కోసం గదిలోకి కొద్దికొద్దిగా ఆయిల్ పంపే కారు మీటరింగు పంపును తీసేసి, గ్యాలను పెట్రోలుకు సుమారు ఒక ఔన్సు టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు.

కారులో గేరు మార్చి భారం తగ్గించుకోవచ్చు. విమానంలో ప్రొపెల్లరు భారం ఎప్పుడూ ఉంటుంది, అయితే అది ఒక నియమానికి లోబడి ఉంటుంది: దానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్ల దగ్గర 160 అశ్వశక్తులు కావాలనుకుంటే, 3000 దగ్గర 20 చాలు, 4200 దగ్గర 55, 4800 దగ్గర 82. కాబట్టి వేగాన్ని అంచెలంచెలుగా పెంచుకుంటూ పోతే భారమూ దానంతటదే అంచెలంచెలుగా పెరుగుతుంది. అంతకు మించిన రన్నింగు పద్ధతిని మనం కష్టపడి కనిపెట్టనవసరం లేదు. ఇంజను వేగాన్ని నేరుగా ప్రొపెల్లరుకు ఇవ్వలేము: 1.83 మీటర్ల ప్రొపెల్లరు 6000 చుట్లు తిరిగితే దాని కొన సెకనుకు 575 మీటర్ల వేగంతో ధ్వనిని దాటిపోతుంది. అందుకే మధ్యలో 2.17 లేదా 2.85 నిష్పత్తి గల గేరుబాక్సు పెడతారు. నేల మీద చిక్కు వేడితోనే. ఎగిరేటప్పుడు రేడియేటరులోకి వచ్చేంత గాలి నిలబడి ఉన్నప్పుడు రాదు, కనుక కొన్ని నిమిషాలు నడిపి, చల్లార్చి, మళ్లీ నడపాలి. నీటి వేడి, ఆయిల్ వేడి రెండింటినీ ప్రతి విడతలో కాగితం మీద రాసుకోవాలి.

రన్నింగు ముగిశాక, ఇంజను వేడిగా ఉండగానే కంప్రెషన్ చూడాలి. రోటరుకు మూడు ముఖాలు కనుక ఒక్కో ప్లగ్గు రంధ్రం దగ్గర మూడు దెబ్బలు వినిపిస్తాయి. మామూలు గేజి వాటిలో పెద్దదానిని మాత్రమే పట్టి ఉంచి, బలహీనమైన ముఖాన్ని దాచేస్తుంది. గేజిలోని వాల్వు తీసేసి ముల్లు ఎగిరే తీరు చూస్తే మూడూ విడివిడిగా తెలుస్తాయి. నిమిషానికి 250 చుట్ల దగ్గర ఏదీ చదరపు సెంటీమీటరుకు 6 కిలోల కన్నా తగ్గకూడదు, ఒకే రోటరు ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు. రెండు రోటర్లకు ఆరు అంకెలు. అమెరికా నిబంధనల ప్రకారం, విమానంలో సగానికి మించిన పని సొంతంగా చేసినవారికే సొంతంగా కట్టిన విమానమన్న అనుమతి దొరుకుతుంది. ధ్రువీకరించిన ఇంజను, ప్రొపెల్లరు జంట ఉంటే 25 గంటలు, కారు ఇంజను పెట్టినప్పుడు సాధారణంగా 40 గంటలు, నిర్ణయించిన పరిధిలోనే ఎగిరి పరీక్షించాలి. మొదటిసారి రన్‌వే మీద థ్రాటిల్ పూర్తిగా తెరిచే ముందు లాగ్ పుస్తకంలో రాసిన ఆ ఆరు అంకెల పక్కన, ఆ 40 గంటలూ పూర్తయ్యాక మరో ఆరు అంకెలు రాయాలి.